అడ్డుగేటు దాటిన తరువాత

మా అబ్బాయి మూడో తరగతిలో ఉండగా, ఇంట్లో మాట్లాడే భాష గురించి నాలుగు వాక్యాలు రాసుకు రమ్మని వాళ్ళ టీచరు చెప్పారు. వాడు ఇటాలియన్‌లో రాసిన మొదటి వాక్యం ఇది: "తెలుగు మా అమ్మ కంగారు పడినప్పుడు మాట్లాడే భాష." వాడు తప్పేమీ రాయలేదు. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక, పొద్దున్నుంచి వాళ్ళతో తెలుగులో ఏమేమి అన్నానో గుర్తు చేసుకుని ఒక కాగితం మీద రాశాను. లే. పళ్ళు తోముకో. తొందరగా. బూట్లేవీ? పక్కకు రా. చెయ్యి వదలకు. కారు వస్తోంది, ఆగు. ఆగమన్నానా! కాగితం నిండింది. అందులో ఒక కబురు లేదు, ఒక కథ లేదు. పిల్లలకు తెలుగు రావాలని ఇన్నేళ్ళు నేను పడిన తాపత్రయమంతా వాళ్ళ చెవిన ఆజ్ఞలుగా మాత్రమే పడింది.

మేముండేది పవీయాలో, మిలాన్‌కు దక్షిణంగా 35 కిలోమీటర్ల దూరంలో. నాది కోనసీమ, మా వారిది నల్గొండ జిల్లా. పవీయా పాత ఊరి వీధులు సన్నగా, రాళ్ళు పరిచి ఉంటాయి. ఊరు దాటితే లారీల రోడ్లు. పిల్లలను సైకిళ్ళ మీద బయటకు తీసుకువెళ్ళినప్పుడల్లా అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయేది. మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "వీళ్ళను రోడ్డు మీద ఎందుకు తిప్పుతారు? గట్ల మీదికి తీసుకెళ్ళండి" అన్నారు.

ఇటలీలో నదీ తీరాల వెంట, కాలువ గట్ల మీద, పొలాల మధ్య, మూతపడిన రైలు మార్గాల మీద కంకర దారులు ఉంటాయి. చాలాచోట్ల మొదట్లోనే ఒక ఇనుప గొట్టం అడ్డంగా ఉంటుంది. కారు అక్కడితో ఆగిపోవాలి. సైకిలు పక్కనుంచి దూరిపోతుంది. మొదటిసారి అలాంటి అడ్డుగేటు దాటి పది నిమిషాలు తొక్కాక, నా నోటి నుంచి ఒక్క మాటా రావడం లేదని గమనించాను. హెచ్చరించడానికి ఏమీ లేదు మరి. పిల్లలు నాకన్నా చాలా ముందు, చక్రాల కింద కంకర చరచరమంటూ, వెళ్ళిపోతున్నారు. అంత దూరం వాళ్ళను నేను ఎన్నడూ వదలలేదు. కాసేపటికి మా అమ్మాయి వెనక్కి తిరిగి వచ్చి, "అమ్మా, నీకు కోపం వచ్చిందా?" అని అడిగింది. అమ్మ మాట్లాడకుండా ఉందంటే కోపంతోనే అయి ఉంటుందని దానికి తెలిసిన లెక్క.

ఆ రోజు మేము వెళ్ళింది లొమెల్లీనా అనే ప్రాంతం వైపు, పవీయా నుంచి మోర్తారా అనే ఊరి దిశగా. 10వ శతాబ్దం చివర కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిగెరిక్ రోము నుంచి ఇంటికి తిరిగి వెళుతూ తన మజిలీలు రాసిపెట్టుకున్న యాత్రాదారి ఇటుగానే పోతుంది. ఇప్పుడది చాలావరకు వరి చేల మధ్య బండిబాట. అవును, వరి చేలే. ఏప్రిల్, మే నెలల్లో మడులకు నీళ్ళు పెడతారు. నేల కనిపించదు, గట్ల గీతలతో గళ్ళు గళ్ళుగా నీళ్ళు, ఆ నీళ్ళలో ఆకాశం. ఇక్కడివాళ్ళు దాన్ని గళ్ళ సముద్రం అంటారు. నేను సైకిలు దిగి గట్టు మీద కూర్చుండిపోయాను. తడి మట్టి వాసన మా ఊరి వాసనే.

కొంగలు లేచాయి. నేను ఆలోచించకుండానే రెండు చేతుల గోళ్ళు ఒకదానికొకటి రుద్దుతూ వాటివైపు ఊపాను. చిన్నప్పుడు కొంగల గుంపు ఎగిరితే అలా చేసి, మా గోళ్ళ మీద తెల్లటి చుక్కలు వేయమని అడిగేవాళ్ళం. పిల్లలిద్దరూ నన్ను వింతగా చూశారు. ఎందుకు, ఎవరు నేర్పారు, నిజంగా చుక్కలు పడేవా అని ప్రశ్నలు మొదలుపెట్టారు. జవాబులు చెబుతూ చెబుతూ మా నాయనమ్మ ఊడుపులకు వెళ్ళడం, మోకాలి లోతు బురద, జలగలు, నారుమడి పచ్చదనం, అన్నీ చెప్పాను. ఇక్కడ కూడా 1950ల దాకా ఆడవాళ్ళు కూలికి దూరప్రాంతాల నుంచి వచ్చి, ఈ నీళ్ళలోనే వంగి కలుపు తీసేవారు, నాట్లు వేసేవారు. వాళ్ళను మొందీనెలు అంటారు. మా అబ్బాయి వాళ్ళ గురించి బడిలో విన్నాడు. "అయితే మీ నాయనమ్మ మొందీనానా?" అని అడిగాడు. అవునన్నాను. వాడి ముఖంలో ఆ క్షణం కనిపించిన గౌరవాన్ని మా నాయనమ్మ చూసి ఉంటే బాగుండేది.

ఈ పోలిక నా బెంగలోంచి పుట్టింది కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. బెయిర్డ్ స్మిత్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు 1850ల మొదట్లో మేముండే లొంబార్డీ, దాని పక్కనున్న పీడ్‌మాంట్ ప్రాంతాల కాలువలను తిరిగి చూసి వాటి మీద పెద్ద పుస్తకం రాశారు. ఆ వెంటనే మన కృష్ణా, గోదావరి, కావేరి డెల్టాల పనులను చూసి ఇంకో నివేదిక రాశారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అంటే మా ఊరి కాలువను, మా పిల్లలు పెరుగుతున్న ఊరి కాలువలను ఒకే మనిషి పక్కపక్కన పెట్టి చూశాడన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మిలాన్ నుంచి పవీయా వచ్చే కాలువ 33 కిలోమీటర్లు, 1819లో పూర్తయింది. దాని వెంట దారి చాలావరకు తారుదే అయినా మాకు ఇష్టం, ఎందుకంటే అక్కడ లాకులు ఉన్నాయి. పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దించే ఏర్పాటు. నీటి ఒత్తిడికి ఎదురుగా కొనదేరి మూసుకునే జంట తలుపుల బొమ్మలు లియొనార్డో డా విన్చి గీసినవి ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి తలుపులనే నేను చిన్నప్పుడు గోదావరి కాలువల మీద చూశాను. "లాకు" అన్న మాట మా వారికి కూడా కొత్త. ఆయన ఊళ్ళో బోరుబావులే తప్ప కాలువ లేదు. తూము, లాకు, గట్టు, బోదె అని నేను చెబుతుంటే పిల్లలతో పాటు ఆయనా నేర్చుకున్నారు. నాన్నకు తెలియని తెలుగు మాటలు ఉన్నాయని తెలియడం మా పిల్లలకు ఎంత సంతోషమో! భాష అంటే అమ్మానాన్నల దగ్గర పూర్తిగా తయారై ఉండే వస్తువు కాదని వాళ్ళకు అప్పుడు అర్థమైందేమో.

ఆదా నది వెంట త్రెత్సో నుంచి ఇంబెర్సాగో దాకా వెళ్ళే కంకర బాట మరో తీరు. ఒక పక్క కొండచరియ, అడవి, ఇంకో పక్క లోతుగా నది, తల మీద 1889 నాటి పెద్ద ఇనుప వంతెన. ఇంబెర్సాగోలో ఒక పంటు, అంటే జనాన్ని, బళ్ళను నది దాటించే బల్లకట్టు, ఉంది. ఇంజను లేదు. ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన తీగను పట్టుకుని, నది ప్రవాహం బలంతోనే దాటుతుంది. లియొనార్డో పేరుతో పిలుస్తారు దాన్ని. మేము వెళ్ళిన రోజు నడవలేదు. ఒడ్డున కూర్చుని పులిహోర తింటూ, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద దాటిన రోజుల గురించి చెప్పాను. పులిహోరకు ఇక్కడి లావు బియ్యం పనికిరాదు, ముద్దవుతుంది. దద్ధ్యోజనానికి మాత్రం దాన్ని మించింది లేదు.

టస్కనీ సంగతి వేరు. సియెనా చుట్టుపక్కల తెల్లదారులు, అంటే తెల్లటి కంకర రోడ్లు, పూర్తిగా వాహనాలు లేనివి కావు, అప్పుడప్పుడు ఒక కారో ట్రాక్టరో తెల్లటి దుమ్ము లేపుతూ పోతుంది. ఎత్తుపల్లాలు కూడా తక్కువేమీ కాదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు నా సలహా: చక్రాలు కనీసం 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి, గాలి కాస్త తగ్గించుకోవాలి, రోజుకు 30 కిలోమీటర్లు మించకూడదు. ఈ దారుల మీద తారు పోయకుండా కాపాడుకోవాలని కొందరు 1997లో గాయోలె ఊరి నుంచి పాత సైకిళ్ళతో ఒక యాత్ర మొదలుపెట్టారు. మొదటి ఏడు 92 మంది తొక్కారు. 2007 నుంచి పేరున్న పందేలవాళ్ళు కూడా ఇదే తెల్లదుమ్ములో పోటీ పడి సియెనా చౌకులో ముగిస్తున్నారు. ఆ యాత్ర పేరు ఎరోయికా, వీరోచితం అని అర్థం.

అక్కడే ఒక దిగుడులో మా అమ్మాయి పడింది. మోకాలు చీరుకుపోయింది, గాయం నిండా సన్నటి కంకర. నేను వెనుక ఉన్నాను, చేరేసరికి రెండు నిమిషాలు పట్టింది. అది ఇటాలియన్‌లోనే ఏడుస్తోంది, మండుతోందని. దాని అన్నయ్య పక్కన మోకాళ్ళ మీద కూర్చుని సీసాలో నీళ్ళు పోస్తూ, "ఏం కాదు తల్లీ, ఊదుతాను ఉండు, అయిపోయింది, అయిపోయింది" అంటున్నాడు. తెలుగులో. నేను వాడికి ఆ మాటలు ఎన్నడూ నేర్పలేదు. వాడు పడినప్పుడల్లా అన్నాను, అంతే. ఆ రాత్రి రాసుకున్న కాగితంలో ఇవి లేవు. నేను నన్ను సరిగా వినలేదు, వాడు విన్నాడు.

అన్నిటికన్నా నేను దాచుకున్న రోజు ఉంబ్రియాలోది. స్పొలేతో నుంచి నోర్చాకు కొండల మీదుగా 51 కిలోమీటర్ల చిన్న రైలు మార్గం ఉండేది. 1926లో మొదలై 1968లో మూతపడింది. పట్టాలు తీసేసిన ఆ బాట మీద ఇప్పుడు కంకర ఉంది. 19 సొరంగాలు, లోయల మీద రాతి వంతెనలు, కొండను చుట్టి మెలికలు తిరిగి దిగే మలుపులు. మేము వెళ్ళింది కొంత భాగమే. వాటిలో పొడవైన సొరంగం దాదాపు రెండు కిలోమీటర్లు. లైట్లు లేకుండా లోపలికి వెళ్ళకూడదు. ఎండలోంచి ఒక్కసారిగా చలి, పైనుంచి నీటి చుక్కలు, వెనుక వెలుగు పిడికెడంత అయి, చుక్కంత అయి, పోయింది. మా అమ్మాయి భయపడింది. "అమ్మా, ఏదైనా మాట్లాడు" అంది.

నేను ఏడు చేపల కథ ఎత్తుకున్నాను. అనగనగా ఒక రాజు, ఆయనకు ఏడుగురు కొడుకులు, వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెడితే ఒక చేప ఎండలేదు. చేపా చేపా, ఎందుకు ఎండలేదు? సొరంగం "ఎండలేదు, ఎండలేదు" అని తిరిగి పలికింది. అమ్మాయి భయం మరిచి నవ్వింది. గడ్డిమేటూ గడ్డిమేటూ, ఎందుకు అడ్డం వచ్చావు? ఈసారి ఇద్దరూ నాతో పాటు అరిచారు. ఆవు దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న వాళ్ళే అడుగుతున్నారు, నాకు జవాబు మాత్రమే మిగిలింది. మా వారు చివర వస్తూ చీమ గొంతుతో "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అన్నారు. అప్పటికి అవతలి వెలుగు కనిపించింది. పిల్లలు అక్కడే ఆగి, వెలుగులోకి వెళ్ళకుండా, కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నారు.

మొన్న ఆదివారం మా అమ్మకు ఫోను చేసినప్పుడు మా అమ్మాయి ఈ ప్రయాణం గురించి చెబుతోంది. "రెండు రోజులూ కంకర రోడ్డు మీదే తొక్కాం అమ్మమ్మా!" అంది. "అయ్యో, అంత పెద్ద దేశంలో ఇంకా తారు వేయలేదా?" అంది అమ్మ. నేను పుట్టేముందు నొప్పులు పడుతూ ఆవిడ ఎడ్లబండిలో ఆసుపత్రికి వెళ్ళింది అలాంటి కంకర రోడ్డు మీదే. మా ఊరికి తారు రోడ్డు వచ్చిన రోజు కొబ్బరికాయలు కొట్టారు. ఆవిడ ముందు కంకరను పొగడడానికి నాకు నోరు రాలేదు.

"వేయలేక కాదు అమ్మమ్మా," అంది మా అమ్మాయి, మాటలు వెతుక్కుంటూ. "వద్దనుకున్నారు."

"ఎందుకని?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను అందించబోయి ఆగాను. అది ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.