నాలుగు నిమిషాలు ఆడి ఆగిపోయే వీడియో: మల్టీకాస్ట్‌తో నా అనుభవం

ఒక శిక్షణ కేంద్రంలో 40 తెరలకు ఒకే లైవ్ వీడియో అందించే పని నాకు వచ్చింది. స్ట్రీమ్ 6 ఎంబీపీఎస్. ఒక్కో తెరకు విడిగా పంపితే 240 ఎంబీపీఎస్ కావాలి, స్విచ్‌ల మధ్య ఉన్న పాత లింకేమో 100. బ్రాడ్‌కాస్ట్ చేస్తే అడగని ప్రింటర్ల మీద కూడా వీడియో వచ్చి పడుతుంది. ఇక మిగిలింది, అడిగినవాళ్లకే చేరే మల్టీకాస్టే.

ఇందులో ఎవరెవరు చూస్తున్నారో సర్వర్‌కు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 224.0.0.0 నుంచి 239.255.255.255 వరకు ఉన్న అడ్రస్‌లు గ్రూపులవి, యంత్రాలవి కావు. సొంత నెట్‌వర్క్‌లో వాడుకోవడానికి 239తో మొదలయ్యేవి ఉన్నాయి కాబట్టి 239.10.1.5 ఎంచుకున్నాను. సర్వర్ దానికి ఒకే కాపీ పంపుతుంది. చూడాలనుకున్న ప్లేయర్ ఆ గ్రూపులో చేరుతున్నానని ఐజీఎంపీ (గ్రూపు సభ్యత్వం తెలిపే ప్రోటోకాల్) రిపోర్ట్ పంపుతుంది. ఐజీఎంపీ స్నూపింగ్ (ఈ రిపోర్టులను మధ్యలో గమనించే సౌకర్యం) ఉన్న స్విచ్ దాన్ని విని, అడిగిన పోర్టులకు మాత్రమే కాపీలు తీసి ఇస్తుంది.

మొదటి తెర మీద బొమ్మ వెంటనే వచ్చింది. నాలుగు నిమిషాలు దాటాక స్టక్ అయింది. ప్లేయర్ ఆపి మళ్లీ పెడితే వస్తుంది, మళ్లీ అంతసేపే! ప్రారంభం దగ్గర పడుతుంటే టెన్షన్. ముందు అందరూ కేబుల్‌నే అనుమానించారు, పాపం దానికేం తెలుసు. నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్‌తో చూస్తే సర్వర్ వైపు ప్యాకెట్లు ధారగా పోతూనే ఉన్నాయి, తెర వైపు పోర్టులో మాత్రం ఉన్నట్టుండి ఆగిపోయాయి. అసలు ఆధారం ఇంకొకటి దొరికింది: ప్లేయర్ మొదట్లో పంపిన రిపోర్ట్ తప్ప ఆ తర్వాత ఐజీఎంపీ ఊసే లేదు.

మామూలుగా అయితే రౌటర్ 125 సెకన్లకోసారి ‘ఏ గ్రూపులో ఎవరున్నారు?’ అని అడుగుతుంది. ఉన్నవాళ్లు జవాబిస్తారు. డిఫాల్ట్ సెట్టింగ్‌లలో 260 సెకన్ల పాటు జవాబు లేకపోతే ఆ పోర్టు పేరు స్విచ్ జాబితాలోంచి పోతుంది. మా వీఎల్యాన్‌లో (స్విచ్‌ల మీద విడిగా కట్టుకున్న నెట్‌వర్క్ భాగంలో) మల్టీకాస్ట్ రౌటర్ లేదు, అంటే అడిగే దిక్కే లేదు. అడగనిదే ప్లేయర్ నోరు విప్పదు. రౌటర్ బదులు ఆ ప్రశ్న అడిగే ఐజీఎంపీ క్వెరియర్‌ను స్విచ్‌లోనే ఆన్ చేశాక వీడియో మళ్లీ ఆగలేదు. స్నూపింగ్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. తీసేస్తే వీడియో వస్తుంది, కానీ అన్ని పోర్టుల్లోకీ వరదలా వస్తుంది.

పై అంతస్తు వేరే వీఎల్యాన్. అక్కడికి ఒక్క ప్యాకెట్ కూడా చేరలేదు. మల్టీకాస్ట్ ప్యాకెట్ల టీటీఎల్ (ప్రతి రౌటర్ దగ్గర ఒకటి తగ్గే అంకె) డిఫాల్ట్‌గా 1, అంటే మొదటి రౌటర్ దగ్గరే ప్రయాణం ముగుస్తుంది. సర్వర్‌లో దాన్ని 8 చేసి, రౌటర్‌లో పిమ్ స్పార్స్ మోడ్ (అడిగిన నెట్‌వర్క్‌లకే మల్టీకాస్ట్‌ను దాటించే పద్ధతి) పెట్టి, రెండెవూ పాయింట్‌గా, అంటే పంపేవారూ అడిగేవారూ కలిసే చోటుగా, ఆ రౌటర్‌నే చూపించాను.

వైఫైతో వేరే తలనొప్పి. అక్కడ మల్టీకాస్ట్ ఫ్రేమ్ అందిందో లేదో ఎవరూ చెప్పరు, పోతే మళ్లీ పంపరు, పైగా వేగం కూడా తక్కువ. బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయేది. యాక్సెస్ పాయింట్‌లో మల్టీకాస్ట్‌ను యూనికాస్ట్‌గా, అంటే ఒక్కొక్కరికి విడిగా పంపేలా, మార్చే సెట్టింగ్ వాడాను. దాని కింద ఉన్న కొద్ది తెరలకు ఇప్పుడు యాక్సెస్ పాయింట్ దాకా ఒకే కాపీ, అక్కడి నుంచి ఎవరిది వారికే.