సిలోయములో ఆ పద్దెనిమిది మంది

తమ్ముడు పోయిన పదకొండో రోజున మా వాకిట్లోనే ఆదరణ కూడిక పెట్టాం. షామియానా, అద్దెకు తెచ్చిన ఎర్ర కుర్చీలు, ముందు వరసలో అమ్మ. సంఘ పెద్ద ఒకాయన ప్రార్థన చేస్తూ, "ప్రభువా, ఈ ఇంట్లో దాగి ఉన్న పాపం ఏదైనా ఉంటే బయటపెట్టు, ఈ శిక్ష ఇంతటితో ఆపు" అన్నారు. చాలామంది ఆమేన్ అన్నారు. అమ్మ అనలేదు. నేను కళ్లు తెరిచి చూస్తే కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది.

వాడికి 31 ఏళ్లు. నైట్ డ్యూటీ దిగి బండి మీద వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. ఆగలేదు. ఇప్పటికీ దొరకలేదు.

ఆ రాత్రి అమ్మ అడిగింది, "ఏం పాపం చేశామే మనం?" అని. పదేళ్లుగా సండే స్కూల్లో పిల్లలకు వాక్యం చెబుతున్నదాన్ని, నాకు నోట మాట రాలేదు.

అమ్మది దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు తనకి 11 ఏళ్లు. తుమ్మ కంపని పట్టుకుని ఆ రాత్రంతా వేలాడింది. ముళ్లు దిగిన మచ్చలు ఎడమ చేతి మీద ఇప్పటికీ తెల్లగా కనిపిస్తాయి, స్నానం చేసి వచ్చినప్పుడు మరీ. అమ్మమ్మ చంకలో ఉన్న రెండేళ్ల చెల్లి నీళ్లలో జారిపోయింది. జనం పాపం పండి ఉప్పెన వచ్చిందని అప్పుడూ అన్నారట. "ఆ పసిదానికి ఏం పాపం తెలుసు?" అని అమ్మమ్మ చచ్చేదాకా అడుగుతూనే ఉండేది.

మర్నాడు అమ్మ బైబిలు తీశాను. నల్ల అట్ట, అంచులు చిట్లిపోయాయి. లూకా 13వ అధ్యాయం. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్నవాళ్లందరి కంటే పెద్ద పాపులా అని యేసు ప్రభువే అడిగి, కాదని ఆయనే చెప్పారు. ఆ వెంటనే, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారన్నారు. ఆ హెచ్చరిక నిలబడి వింటున్నవాళ్లకి. చచ్చిపోయినవాళ్ల ఇళ్లకు కాదు.

పాపానికి శిక్ష లేదని నేను అనను. పుట్టినప్పటి నుంచీ అదే విని, అదే నమ్మి పెరిగాను. దావీదు రాజు కథ నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది, అతని పాపానికి ఆ పసిబిడ్డ పోవడం చదివినప్పుడల్లా. అయినా అందులో ఒకటి చూడండి. నాతాను ప్రవక్త వెళ్లింది తన సైనికుడు ఊరియాని చంపించిన ఆ దావీదు దగ్గరికే. "ఆ మనుష్యుడవు నీవే" అని ముఖం మీదే చెప్పాడు. ఊరియా కోసం ఏడుస్తున్న ఇంటికి వెళ్లి మీరేం పాపం చేశారని అడగలేదు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గర కూర్చుని, నువ్వు పాపం చేసే ఉంటావని వాదించిన ముగ్గురు స్నేహితుల మీద చివరికి దేవుడికి కోపం వచ్చింది. యోబు వాళ్ల కోసం ప్రార్థన చేయాల్సి వచ్చింది.

తీర్పు ఉందన్న మాటే నన్ను ఇన్నాళ్లూ నిలబెట్టింది. కేసు ఎక్కడా కదల్లేదు, సీసీ కెమెరాలో నంబరు పడలేదు. ఆ లారీ ఎవరిదో దేవుడికి మాత్రం తెలుసు. పగతీర్చుట నా పని అని ఆయన అన్నాడు కాబట్టే రాత్రిళ్లు కాస్త నిద్ర పడుతోంది. దిక్కులేనివాళ్లకి ధైర్యంగా ఇచ్చిన మాటని తెచ్చి మా అమ్మ నెత్తి మీద పెడితే ఎలా?

నెల తర్వాత ఆ పెద్దాయన పరామర్శకి వచ్చారు. అమ్మ కాఫీ ఇచ్చి, బైబిలు ఆయన చేతిలో పెట్టి, "ఈ ఐదు వచనాలు పైకి చదవండి అయ్యగారూ, నాకు కళ్లజోడు కనపడటం లేదు" అంది. కళ్లజోడు కిటికీలోనే ఉంది. ఆయన చదివారు. సిలోయము దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. చదవడం అయ్యాక చాలాసేపు అట్ట మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

"ప్రార్థన చేయమంటావా అమ్మా?" అన్నారు చివరికి.

"చేయండి. ఆ లారీ అబ్బాయి ఎక్కడున్నా, చేసింది ఒప్పుకునేలా చేయండి" అంది అమ్మ, కొంగు తల మీద కప్పుకుంటూ.