గుర్తు రెండుసార్లు వస్తుంది: మారుతి 800 డిస్ట్రిబ్యూటర్ నేనే మార్చుకున్నాను

నిన్న సాయంత్రమే పని అయిపోయింది. గోళ్లలో గ్రీజు ఇంకా పోలేదు. మరిచిపోకముందే రాస్తున్నాను.

మాది హన్మకొండ. బండి మా బాపు కొన్న 1996 మారుతి 800, కార్బ్యురేటర్‌ది, ఏపీ 36 నంబరు. నాలుగు నెలలుగా మిస్సింగ్, అంటే ఇంజిన్ మధ్యమధ్యలో తడబడేది. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఎగిరెగిరి పడేది. ఇంజిన్ వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ అయ్యేది కాదు. ఎప్పుడూ వెళ్లే మెకానిక్ మొదట ప్లగ్గులు మార్చాడు, తర్వాత వైర్లు, తర్వాత కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. మొత్తం 4,500 రూపాయలు. ప్లగ్గులకు వంతులవారీగా కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్ కేప్ (మూత) మాత్రం ఒక్కసారి కూడా తీసి చూడలేదు. నేను తీసి, లోపల తిరిగే ముక్కను, అంటే రోటర్‌ను పట్టుకుని పక్కకు కదిపితే షాఫ్ట్ మొత్తం ఊగింది. షాఫ్ట్‌ను పట్టి ఉంచే లోపలి బుష్ అరిగింది. షాఫ్ట్ ఊగితే సిలిండర్లకు కరెంట్ ఒకసారి ముందు, ఒకసారి వెనక అందుతుంది, ఇంజిన్ నిలకడగా ఎలా తిరుగుతుంది? ఇది చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, కేప్ తీసి చూసే ఓపిక చాలు.

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోయి డిస్ట్రిబ్యూటర్ తెచ్చుకున్నాను. పాతది వెంట తీసుకెళ్లి, గేరు పళ్లు పక్కపక్కన పెట్టి లెక్కపెట్టి మరీ కొనండి. ఓ-రింగ్ (రబ్బరు రింగు) కూడా కొత్తదే వేయండి, లేకపోతే ఆయిల్ కారుతుంది.

పాతది విప్పడానికి పది నిమిషాలు పట్టింది. బ్యాటరీ వైరు తీశాను, ప్లగ్ వైర్లకు నంబర్లు రాశాను, బోల్ట్ విప్పి లాగాను. తప్పు అక్కడే జరిగింది. లాగేముందు రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోలేదు. పైగా గేరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి, లాగేటప్పుడు రోటర్ కొంచెం తిరుగుతుంది. కొత్తది దించేటప్పుడు కూడా అంతే.

ఇంజిన్ మీది టాప్ గుర్తు (ఒకటో సిలిండర్ పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిందని చూపేది) కలిపి, రోటర్‌ను ఒకటో వైరు వైపు పెట్టి బిగించాను. సెల్ఫ్ కొడితే కార్బ్యురేటర్‌లోంచి ఠాప్‌మని పేలింది. కేప్ పట్టుకుని ఇటు తిప్పాను, అటు తిప్పాను. సైలెన్సర్‌లోంచి ఇంకా పెద్దగా పేలింది. వాడంతా బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ మెకానిక్ బైక్ మీద పోతూ ఆగాడు. "సార్, ఇది మీతోటి అయ్యే పని కాదు. పాత ఇనుప సామానోళ్లకు ఇచ్చేయుండ్రి" అన్నాడు, అందరూ వింటుండగా. మా బామ్మర్ది కూడా "పోనీ బావా, వదిలేయ్" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. బాపు ఇరవై ఏళ్లు నడిపిన బండిని ఇనుప సామాను అన్నాడే అని.

పొద్దున్నే లేచి మొదటి నుంచి ఆలోచించాను. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అంటే టాప్ గుర్తు రెండుసార్లు వస్తుంది. ఒకసారి పెట్రోలు, గాలి నొక్కుకుని మండడానికి సిద్ధంగా ఉన్నప్పుడు, ఇంకోసారి పొగ బయటికి పోయేటప్పుడు. నేను రెండోదానికి కలిపాను. వాల్వులు తెరిచి ఉన్నప్పుడు నిప్పు పడితే పేలక ఏమవుతుంది?

మూడు ప్లగ్గులూ తీశాను. బ్యాటరీ వైరు మళ్లీ తీశాను. బండిని టాప్ గేర్‌లో వేసి, ఒకటో ప్లగ్ రంధ్రం మీద వేలు పెట్టమని మా అమ్మాయికి చెప్పి, బండిని మెల్లగా నెట్టాను. మొదటిసారి గుర్తు వచ్చినప్పుడు "ఏం లేదు డాడీ" అంది. ఇంకో చుట్టుకు "తోస్తోంది, వేలు లేచిపోతోంది!" అని అరిచింది. అక్కడ గుర్తు కలిపి ఆపాను. డిస్ట్రిబ్యూటర్‌ను మళ్లీ పైకి లాగి, రోటర్‌ను కొద్దిగా ముందే తిప్పి పెట్టి దించితే, కూర్చునేసరికి సరిగ్గా ఒకటో వైరు ఎదుట ఆగింది. వైర్లు రోటర్ తిరిగే వైపుగా 1-3-2 వరుసలో పెట్టాను, సిలిండర్లు మండే వరుస అదే. రెండో సెల్ఫ్‌కే అందుకుంది.

టైమింగ్ (నిప్పు సరిగ్గా ఎప్పుడు పడాలన్నది) చెవితో సరిచేస్తామనే వాళ్ల దగ్గరికి పోకండి. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర ఆ సమయాన్ని చూపే టైమింగ్ లైట్ ఉంది. వ్యాక్యూమ్ పైపు తీసి మూసి, లైటు వేసి, డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పి బిగించాడు. 200 తీసుకున్నాడు. "మీరే ఎక్కించిండ్రా?" అని రెండుసార్లు అడిగాడు. అవునని చెప్పాను, గర్వంగానే చెప్పాను.

వచ్చేటప్పుడు దారి కాకపోయినా ఫాతిమానగర్ బ్రిడ్జి మీదుగా తిప్పుకొచ్చాను. మా అమ్మాయి పక్కనే కూర్చుంది. ఒక్క కుదుపు లేకుండా ఎక్కింది.