కోటు చెయ్యికి ఎన్ని కుట్లు

పడుకుందామనే అనుకున్నాను. పదకొండున్నరకి సిస్టమ్ ఆపేసి, గ్యాస్ కట్టానో లేదో రెండుసార్లు చూసుకుని, చంటిదాన్ని గోడవైపు జరిపి పడుకున్నాక కళ్ళు మూస్తే మళ్ళీ ఆ కామెంటే. లేచి వచ్చేశాను. ఈయన నిద్రలోనే "మొదలెట్టేవా" అన్నారు. మొదలెట్టేను.

నేను కంప్యూటర్‌లో చేసిన త్రీడీ మనుషుల బొమ్మల మీద క్లయింటు పెట్టిన కామెంటు అది, ఒక్క లైనే. తొమ్మిదో నంబరు అమ్మాయి భుజం దగ్గర పసుపురంగు సున్నా చుట్టి, పక్కన "ఈమె వేరేవాళ్ళ కోటు వేసుకున్నట్టుంది" అని రాశారు. అంతే. ఏం మార్చాలో చెప్పలేదు. పొడుగ్గా తిట్టి ఉంటే ఇంత బాధ లేదు, ఏదో ఒకటి సరిచేసి పంపేసేదాన్ని. మా లీడ్ కుర్రాడేమో "అక్కా, కొంచెం చూడండి, ఫీల్ రావట్లేదంట" అని ఓ దణ్ణం బొమ్మ పెట్టాడు. ఫీల్ ఎక్కడ దొరుకుతుందిరా బాబూ, పూర్ణా మార్కెట్‌లోనా?

ఈ బొమ్మల ప్యాక్ సంగతి పోయినసారి కొంచెం చెప్పాను. ఎక్కడో చలిదేశంలో కట్టబోయే అపార్టుమెంట్ల బొమ్మల్లో, కింద ఫుట్‌పాత్ మీద నడిచే జనం కావాలి. పన్నెండుమంది, అందరూ ఆకురాలుకాలం బట్టల్లో. పొడుగు కోట్లు, మెడకి మఫ్లర్లు, చీలమండ దాటిన బూట్లు. మనకి ఆ కాలమంటే ఏముంది, తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక మా వీధిలో చెట్టుకి ఆకన్నది మిగల్లేదు. నేను చూసిన ఆకురాలుకాలం అదొక్కటే, అదీ ఒక్క పూటలో అయిపోయింది.

పైగా ఇప్పుడు మే నెల. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పుడే మెడ కింద చెమట ఆరడం లేదు. సముద్రం పక్కనే ఉందని పేరేగానీ ఆ గాలిలో ఉన్నది కూడా తడే. ఏసీ వేస్తే సిస్టమ్ వేడి, అది లాక్కునేంతలో నా పక్కకి చల్లదనం మిగలదు. ఈ ఉక్కపోతలో కూర్చుని ఒకమ్మాయికి ఉన్ని కోటు తొడుగుతున్నాను. నా చెయ్యి టేబుల్‌కి అంటుకుపోతోంది, ఆ అమ్మాయికి చలి వెయ్యాలి.

పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి ఒక ముక్క. మేం బట్టల్ని మట్టిబొమ్మలా చెక్కం, కుడతాం. మార్వెలస్ డిజైనర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక పక్క టైలరు కత్తిరించినట్టు ముక్కలు గీస్తాం, వీపు, ముందు రెండు, చేతులు, కాలరు. ఏ అంచు ఏ అంచుకి అతకాలో గీతలతో చెప్తాం. ఇంకో పక్క మనిషి రెండు చేతులూ పక్కలకి కాస్త ఎత్తి బొమ్మలా నిలబడి ఉంటుంది. బటన్ నొక్కితే ముక్కలన్నీ వెళ్ళి వంటికి చుట్టుకుని కుట్టుకుంటాయి, బరువుకి జారతాయి. మొదటిసారి చూసిన రోజు చప్పట్లు కొట్టాను. ఇప్పుడు నొక్కేసి టీ పెట్టుకోడానికి వెళ్ళిపోతాను.

నేను చేసిన తప్పు సాయంత్రానికి సగం తెలిసింది. గుడ్డ ఎంత సన్నగా ముడతలు పడాలో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, పార్టికల్ డిస్టెన్స్ అంటారు. మామూలుగా 20 ఉంటుంది, నేను 5కి దించేశాను. ముడతలు ఎంత ఎక్కువుంటే అంత నిజంగా ఉంటుందని నా లెక్క. ముడతలు వచ్చాయి, బ్రహ్మాండంగా వచ్చాయి, ఎలాగంటే ఉతికి ఆరేసి ఇస్త్రీ చెయ్యని కాటన్ చొక్కాలాగ. మందపాటి ఉన్ని గుడ్డ అలా నలగదు. రెండో మూడో పెద్ద మడతలు పడి వదిలేస్తుంది. నాకేం తెలుసు? పుట్టిన దగ్గర్నుంచీ కట్టింది, తొడిగింది, ఆరేసింది అంతా కాటనే. అంకె పెంచి, గుడ్డని గట్టిగా చేసి చూస్తే వీపు బాగుపడింది. చంక మాత్రం బాగుపడలేదు. ఎత్తిన చేతులు కిందకి దించగానే చంక కింద గుడ్డంతా మూటలా పోగవుతోంది. వేరేవాళ్ళ కోటు అన్నది అక్కడే.

అప్పుడు నాన్న కోటు గుర్తొచ్చింది.

మీకు తెలుసుగా, నాన్న రైల్వేలో, అప్పటి వాల్తేరు డివిజన్‌లో టీటీఈగా చేసేవారు, రైల్లో టికెట్లు చూసే పని. తెల్ల చొక్కా, నల్ల కోటు. మే నెలలో విజయవాడ దాకా వెళ్ళి వచ్చేటప్పుడు మిగతావాళ్ళు కోటు మోచేతి మీద వేసుకునేవారట, ఈయన మాత్రం తొడుక్కునే వచ్చేవారు. తెల్లారగట్ల గేటు చప్పుడవడం, అమ్మ లేవడం, కోటు తీసి తలుపు వెనక మేకుకి తగిలించడం. వీపు మీద తెల్లగా ఉప్పు గీతలు, మ్యాపులో నదుల్లాగ. కుడి జేబు రసీదు పుస్తకం బరువుకి సాగిపోయి ఎడమదాని కంటే రెండు వేళ్ళు కిందకి ఉండేది. నాన్న స్నానానికి వెళ్ళగానే నేను అది తొడిగేసేదాన్ని, చేతులు మోకాళ్ళ దాకా వచ్చేవి. కుర్చీలు వరసగా వేసి, తమ్ముణ్ణి టికెట్ లేదని బాత్రూం దగ్గర పట్టుకుని, ఫైన్ కింద వాడి జీడిపప్పు బిస్కెట్లు రాయించుకునేదాన్ని. ఓరోజు వాడు నిజంగానే ఏడ్చి పక్క క్వార్టర్‌కి పారిపోయాడు, కంపార్టుమెంట్ మారాడని రిపోర్టు కూడా రాశాను. ఇప్పుడు వాడు బ్యాంకులో ఆఫీసరు, ఎవరికీ ఫైన్ వెయ్యడు, అదో పెద్ద కథ, వద్దు.

రాత్రిళ్ళు మాత్రం ఆ కోటంటే భయం. చొక్కా తగిలిస్తే చేతులు పీలికల్లా వేలాడతాయి. కోటు చేతులు అలా కాదు, మోచేతి దగ్గర కాస్త వంగి ముందుకి ఉండేవి, లోపల ఎవరో నిలబడి ఉన్నట్టు. నాన్న ఎప్పుడూ చెయ్యి మడిచి టికెట్లు చూస్తారు కదా, అందుకని కోటుకి అలవాటైపోయిందని నేను కనిపెట్టి తమ్ముడికి చెప్పాను. అరకు కొండల మీదుగా వెళ్ళే కిరండూల్ లైన్‌లో డ్యూటీ పడితే, జనవరిలో శిమిలిగుడ స్టేషన్ దగ్గర, అది 996 మీటర్ల ఎత్తు, ఆ చలికి కోటుకి పెట్టిన డబ్బులు తీరాయనేవారు. మిగతా పదకొండు నెలలూ ఎందుకు వేసుకునేవారంటే గర్వమని నేననుకున్నాను. ఇక్కడే ఒకసారి అలాగే రాశాను కూడా, చాలామంది కళ్ళు చెమర్చాయన్నారు. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి.

తొమ్మిదిన్నరకి మర్రిపాలెంలో అమ్మావాళ్ళకి ఫోన్ చేశాను, కోటు ఫొటో తీసి పంపమని.

"ఆ కోటా? ఇచ్చీసేనే ఎప్పుడో" అంది అమ్మ.

ఎవరికి?

"స్టీలు సామాన్లోడికి. పెద్ద బేసిన్ ఇచ్చేడు."

నాకు నోట మాట రాలేదు. ఇరవై ఏళ్ళ కోటు, బేసిన్‌కి. నా పెళ్ళినాటి పట్టుచీర అంచు కూడా ఇలాగే పోయింది, అప్పుడు రెండు గ్లాసులొచ్చాయి, అందులో ఒకటి సొట్ట. అడగకుండా ఎలా ఇచ్చేస్తావని అరిచాను. నువ్వు ఎన్నడైనా అడిగేవా, బీరువాలో చిమట కొట్టీసి పొడుం రాలుతోంది, నీ ఇంట్లో పెట్టుకోవే అంటే పెట్టుకుందువా అని అమ్మ. పెట్టుకోను. అది నిజమే. అయినా కోపం పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అసలు ఆ కామెంటు రాసినవాడి మీద కోపం కూడా ఇందులోనే కలిసిపోయిందనుకుంటా.

నా పని సంగతి చెప్తే, అమ్మ మామూలుగా అంది: "చెయ్యికి ఒక కుట్టు కాదే, రెండు. మోచెయ్యి ఎనకాల కుట్టు ఊడిపోతే నేనే కదా ఏసీదాన్ని. పైముక్క పెద్దది, కిందముక్క చిన్నది, రెండూ వంకరే."

అదీ సంగతి. నేను గీసింది చొక్కా చెయ్యి, ఒకటే ముక్క. కోటు చెయ్యి రెండు ముక్కల్లో, వంపుగా కత్తిరిస్తారు, అందుకే చెయ్యి దించి నిలబడితే ఒదిగి కూర్చుంటుంది. నాన్న మోచెయ్యి మరిగి వంగిన కోటు కాదది, పుట్టుకతోనే వంగింది. ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, మర్రిపాలెంలో కూర్చున్న అమ్మ చెప్పాలి నాకు.

ఫోన్ నాన్నకిచ్చింది. కోటు పోయిందని బాధ లేదా అన్నాను. "పోనీయమ్మా, ఎదవ కోటు, మెడ దగ్గర గుచ్చీది" అన్నారు. మరి ఎండల్లో కూడా ఎందుకు వేసుకునేవారు? లోపలి జేబు కోసమట. వసూలైన డబ్బులు ఆ జేబులో ఉంటే నిద్ర పట్టినా భయం లేదు, చొక్కా జేబులో అయితే లెక్క తేడా వస్తే చేతి నుంచి కట్టాలి. గర్వమూ లేదు ఏమీ లేదు. టీవీలో ఏదో వస్తోందని పెట్టేశారు.

ఒక ముక్కని రెండు చేసి, వంపులు గీసి కుట్టాను. చంక సర్దుకుంది. కానీ ఆ అమ్మాయికి ఇంకా చలి వెయ్యట్లేదు, చేతులు వంటికి ఎడంగా పెట్టుకుని నిలబడింది, జగదాంబ జంక్షన్‌లో సిటీ బస్సు కోసం నిలబడ్డట్టు. ఏసీ పదహారులో పెట్టి, రగ్గు కప్పుకుని అద్దం ముందు నిలబడ్డాను. మోచేతులు డొక్కల్లోకి వచ్చేశాయి, భుజాలు లేచాయి, మెడ దిగిపోయింది. మంచినీళ్ళకి లేచిన అత్తయ్య గుమ్మంలోంచి ఒక్క క్షణం చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయారు. అలాగే పోజు మార్చాను. క్లయింటు అన్నది కరెక్టే. ఒప్పుకుంటున్నాను గానీ ఇంకో లైను రాసుంటే ఆయన సొమ్మేం పోయేది?

మొదట ఈ టపా వేరేలా రాద్దామనుకున్నాను. ఎంతసేపూ వాళ్ళ కోట్లేనా, మన ఊరి చలికాలం ఎవరూ అడగరేం అని. డిసెంబరులో ఆర్కే బీచ్‌లో పొద్దున్న నడిచే ఆంటీలు, నేత చీర మీద స్వెట్టరు, కాళ్ళకి స్పోర్ట్స్ షూ, తలకి మంకీ క్యాప్, ఆ ముగ్గురిని పెడితే ఏ ఫుట్‌పాతైనా నిండుతుంది. కానీ నేనే రెండేళ్ళ క్రితం మొదలెట్టి మానేశాను కదా. చీరకి కుట్టే లేదు. ఐదున్నర మీటర్ల ఒకే ముక్క, ఎక్కడ అతకాలని గీత గియ్యను? కుచ్చిళ్ళు ఒక్కొక్కటీ చేత్తో మడిచి లంగాకి పిన్నులు పెడితే, బటన్ నొక్కగానే పమిట భుజంలోంచి దూరి అటువైపు పడిపోయేది. మూడు ఆదివారాలు పోయాయి. ఎవరూ అడగకపోవడం ఒకటి, నాకు రాకపోవడం ఇంకొకటి. రెండోది ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ.

ఒంటిగంట దాటింది. సిమ్యులేషన్ ఇంకా తిరుగుతోంది. లోపలి జేబు కూడా పెట్టాను, బయటికి కనపడదు, క్లయింటుకి చెప్పను.

ఫోన్‌లో అమ్మ ఫొటో ఉంది, పన్నెండింటికి పంపింది, ఆవిడా పడుకోలేదన్నమాట. బేసిన్ ఫొటో. మినప్పప్పు నానబోసి ఉంది. పెద్దదే.