పన్నెండో తరగతి దాకా ఆగితే ఆలస్యమే

అమెరికాలో పెరిగే మన పిల్లలకు హైస్కూల్లో తెలుగు వల్ల దక్కే గుర్తింపు ఒకటుంది. దాని పేరు సీల్ ఆఫ్ బైలిటరసీ. ఇంగ్లిష్‌తో పాటు ఇంకో భాష కూడా బాగా వచ్చని స్కూలు డిప్లొమా మీదో, ట్రాన్‌స్క్రిప్ట్‌లోనో నమోదు చేస్తారు. 2011లో కాలిఫోర్నియా దీన్ని చట్టం చేసింది, తర్వాత మిగతా రాష్ట్రాలూ అందుకున్నాయి. ఇల్లినాయ్, మిన్నెసోటా లాంటి చోట్ల ఇది ఉన్న పిల్లలు ప్రభుత్వ కాలేజీల్లో భాషా క్రెడిట్లు అడగవచ్చు. చాలా ఇళ్లలో దీని సంగతి తెలిసేసరికి పిల్లలు పన్నెండో తరగతిలో ఉంటారు. అప్పటికి ఫారం నింపడానికి టైం ఉంటుంది కానీ, తెలుగు నేర్పడానికి ఉండదు.

హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష తెలుగుకు లేదు. అందుకే చాలా స్కూళ్లు భాషా పరీక్షలు పెట్టే అవాంట్ సంస్థ వాళ్ల స్టాంప్ డబ్ల్యూఎస్ పరీక్షను తీసుకుంటాయి. ఇందులో ఉండేవి రాయడం, మాట్లాడడం మాత్రమే. మన పిల్లల్లో ఎక్కువమందికి బాగా వచ్చేదేమో వినడం. అమ్మానాన్నలు తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిచ్చే అలవాటు పరీక్షలో ఏమాత్రం పనికిరాదు.

సాధారణంగా కనీసం ఇంటర్మీడియట్ మిడ్ స్థాయి (మన ఇంటర్ చదువు కాదు, భాష ఎంత వచ్చో కొలిచే మెట్లలో ఒకటి) అడుగుతారు, కొన్ని రాష్ట్రాలు అంతకన్నా ఎక్కువే అడుగుతాయి. "నిన్న బడిలో ఏం జరిగింది?" అంటే "సైన్స్ క్లాస్ ఉంది. బాగుంది" అన్న జవాబు సరిపోదు. దాన్ని అక్కడ వదలకండి. ఎందుకు బాగుందో అడగండి. ఆ తర్వాత ఏమైందో, ఆ ప్రయోగం మళ్లీ చేయమంటే ఏం మారుస్తావో అడగండి. "ఎందుకంటే", "అందుకని", "ఆ తర్వాత", "ఒకవేళ అలా కాకపోతే" అన్న మాటలు నోటికి వచ్చిన రోజు ముక్కలు ముక్కలుగా ఉన్న మాటలు పేరాగా మారతాయి. రోజుకు పది నిమిషాలు చాలు, కానీ ఏళ్ల తరబడి సాగాలి. ఎనిమిదేళ్ల వయసులో మొదలుపెడితే హడావుడి ఉండదు. తిండి, బట్టలు, పండగల మాటలతో ఆపేయవద్దు. బడి, వాతావరణం, స్నేహితులతో గొడవ, ఊళ్లో సమస్యల గురించి కూడా మాట్లాడించండి. ఇంటి మాటలు మాత్రమే వచ్చిన పిల్లలు కొత్త విషయం రాగానే ప్రతి క్రియకూ ఇంగ్లిష్ మాట తెచ్చి "చేశాను" తగిలిస్తారు.

రాతలో అసలు చిక్కు టైపింగ్. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు మాట తానే వస్తుంది. ఆ సూచనలు పరీక్ష కంప్యూటర్‌లో ఉంటాయని నమ్మకం లేదు. అప్పుడు "అమ్మ" రాయాలన్నా ఒత్తు ఎలా పెట్టాలో తెలియక పిల్లలు ఆగిపోతారు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డులో అయితే మ, పొల్లు, మళ్లీ మ కొట్టాలి. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, మ్యాక్‌లో తెలుగు క్వర్టీ ఉంది. ఏదో ఒకటి ఎంచుకుని వారానికి రెండుసార్లు అయిదేసి వాక్యాలు కొట్టించండి. ళ, ణ, దీర్ఘాలు తప్పుపోయేది ఇక్కడే. స్కూలు ఇచ్చిన క్రోమ్‌బుక్‌లో కొత్త కీబోర్డు పెట్టే అనుమతి తరచు పిల్లలకు ఉండదు, కాబట్టి దాన్ని ముందుగానే అడిగి పెట్టించాలి.

స్కూలు వైపు పని తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టండి. కౌన్సెలర్‌ను మూడు విషయాలు అడగాలి: స్కూల్ డిస్ట్రిక్ట్ ఒప్పుకునే పరీక్షల్లో తెలుగు ఉందా, లేకపోతే పోర్ట్‌ఫోలియో (పిల్లలు చేసిన పని నమూనాలు) లాంటి వేరే దారి ఉందా, దరఖాస్తు గడువు ఎప్పుడు? తెలుగు నేర్పే మనబడి లాంటి చోట చదివిన సర్టిఫికెట్లుంటే అవీ చూపించండి. ఇంగ్లిష్‌లోనూ నిర్ణీత స్థాయి అందుకోవాలన్న నిబంధన ఉంటుంది, దాన్ని మరిచిపోతుంటారు.

పరీక్ష పదకొండో తరగతి వసంతంలో రాయించడం మంచిది. జవాబులను మనుషులే దిద్దుతారు కాబట్టి ఫలితం రావడానికి రోజులు పడుతుంది. ఒకదాంట్లో తగ్గితే, దాని మీద వేసవంతా పనిచేసి, పన్నెండులో గడువులోగా మళ్లీ రాయవచ్చు.