పాలివాడు

గుండె కవాటం మార్చాలని డాక్టరు చెప్పిన రోజు నుంచి నాకు నిద్ర కరువైంది. దిండు మీద చెవి ఆనిస్తే గుండె చప్పుడు వినిపించేది. ఒక్కొక్క దెబ్బనూ లెక్కపెడుతూ తెల్లవార్లూ పడుకునేదాన్ని. పుట్టినప్పటి నుంచి క్రైస్తవ సంఘంలో పెరిగాను. సండే స్కూలు పిల్లలకు ఇరవై ఏళ్లు పునరుత్థాన పాఠం చెప్పాను. అయినా భయపడ్డాను. నొప్పికి భయపడలేదు. తెల్లటి దీపాల కింద, తెలిసిన ముఖం ఒక్కటీ కనిపించని చోట, ఒంటరిగా పోవలసి వస్తుందేమోనన్నదే నా భయం.

ఆపరేషన్‌కు ఈస్టర్ తరువాతి గురువారం తేదీ ఇచ్చారు. ఆ మాట విని మా మేనత్త, "అయితే ఈలోపు తాతయ్య సమాధికి సున్నం వేసి వద్దాం రా బిడ్డా" అంది. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. బరువులు మోయకుండా వెళ్లి రావచ్చని డాక్టరు ఒప్పుకున్నారు. నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా, మధ్యలో ఆగుతూ, బస్సుల్లోనే వెళ్లాలన్నది అత్త పట్టుదల. ప్రొటెస్టెంట్ శాఖలైన మా బాప్టిస్టు, మెన్నోనైట్ సంఘాల్లో తీర్థయాత్రల అలవాటు లేదు. అయినా నేను దీన్ని యాత్ర అనే అంటాను.

దారి పొడుగునా అత్త పాత సంగతులు చెబుతూనే ఉంది. 1890లో అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు నల్లగొండ చేరారు. నేటి ఉక్రెయిన్ ప్రాంతంలో జర్మన్ మాట్లాడే మెన్నోనైట్ కుటుంబాల్లో పుట్టినవాళ్లు. 1899లో అమెరికా నుంచి మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు రావడం మొదలైంది. దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, మహబూబ్‌నగర్ అంతటా వాళ్ల పని సాగింది. కానీ ఊరూరా సువార్త మోసినవాళ్లు వాక్యం బోధించే మన ఉపదేశులూ, ఆడవాళ్లకు బైబిలు చెప్పే బైబిలు స్త్రీలూనే అని అత్త గట్టిగా అంటుంది. ఆ మాట నిజం. మా తాతయ్య అలాంటి ఉపదేశే.

గుడ్ ఫ్రైడే నాడు దేవరకొండలో ఆగాం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటలు ధ్యానించే ఆరాధన. ఎండ మండిపోతోంది, ఫ్యాన్ల గాలి కూడా వేడిగానే ఉంది. మూడో మాట చెప్పడానికి ఒక టీచరమ్మ నిలబడింది. "అమ్మా, యిదిగో నీ కుమారుడు." ఊపిరి ఆడని ఆ గడియలో కూడా ప్రభువు ఒక ఇల్లు కడుతున్నాడని ఆమె చెప్పింది. బిడ్డను పోగొట్టుకుంటున్న తల్లికి ఒక కొడుకును, శిష్యుడికి ఒక తల్లిని ఇచ్చాడు. రక్తసంబంధం లేని ఇద్దరు ఆ సాయంత్రం ఒకే గడప దాటారు. ఆ మాట నన్ను వదలలేదు.

ఆరాధన అయ్యాక మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా పక్కన కూర్చున్నాడు. ఫ్లోరైడు నీళ్లు తాగి వెన్ను విల్లులా వంగిపోయింది. మాట్లాడాలంటే తల పక్కకు తిప్పి, కిందినుంచి పైకి చూడాలి. నా జబ్బు సంగతి విని ఆయన జాలి పడలేదు, ధైర్యంగా ఉండమని కూడా అనలేదు. "నన్ను పెట్టెలో ఎట్లా పడుకోబెడతారో నాకు తెలియదు తల్లీ. లేచేటప్పుడు మాత్రం నిటారుగా లేస్తాను" అన్నాడు. అన్నాక నవ్వాడు. భయపడవద్దని నాకు చాలామంది చెప్పారు. భయపడేవాళ్లకు ఆ మాట వల్ల ఒరిగేదేమీ లేదు. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్లు పెట్టుకున్నాడు కదా. ఈ పెద్దాయన మాత్రం రేపు ఎక్కబోయే బస్సు గురించి చెప్పినంత మామూలుగా తన పునరుత్థానం గురించి చెప్పాడు.

శనివారం పొద్దున కల్వకుర్తి మీదుగా జడ్చర్ల చేరాం. అత్త పడుచుతనంలో నర్సుగా పనిచేసిన మిషన్ ఆసుపత్రి ఆవరణను రోడ్డు మీదినుంచే చూసి కదిలాం.

తాతయ్య ఊరు మహబూబ్‌నగర్‌కు అవతల ఉంది. ఊరి చివర, వేపచెట్ల కింద సమాధుల తోట. అత్త బకెట్టులో సున్నం కలిపి, కుంచె నా చేతికిచ్చి, తాతయ్య చావు గురించి చెప్పింది. అప్పటికి ఆమెకు పదేళ్లు. తాతయ్య బాప్తిస్మం తీసుకున్నాడని పాలివాళ్లు ఆయన చావుకు రాలేదు. పాలివాళ్లు అంటే ఒకే వంశపు అన్నదమ్ముల కుటుంబాలు. ఆస్తిలో పాలున్నవాళ్లు, చావులో మైల పట్టేవాళ్లు. పాడె మోయవలసింది వాళ్లే. గుంత తవ్వడానికి కూడా మనిషి దొరకక శవం ఒక రాత్రంతా ఇంట్లోనే ఉండిపోయింది.

"తెల్లవారే వేళకు నలుగురు వచ్చారు. వేరే ఊళ్ల సంఘాల వాళ్లు. కబురు విని రాత్రంతా నడిచారు. కాళ్లు కడుక్కోకుండానే పార అడిగారు."

సమాధి దగ్గర వాళ్లలో ఒకాయన హెబ్రీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం చదివాడట. జీవితకాలమంతా మరణభయానికి దాసులైనవారిని విడిపించడానికి క్రీస్తు కూడా రక్తమాంసాలలో "పాలివాడాయెను". ఆ మాట వినగానే నాయనమ్మ ఏడుపు ఆపి తలెత్తి చూసిందని అత్త చెప్పింది.

కుంచె నా చేతిలోనే ఆగిపోయింది. ఆ వచనం నేను ఎన్నిసార్లు చదివానో. పాలివాడు అన్న మాటలో మా ఊరి పాలివాళ్లను ఎన్నడూ చూడలేదు. సొంతవాళ్ల మైల దూరంగా నిలబడితే పోయేది కాదు, అంటుతుంది. ఆయన మన ఇంట్లో పుట్టాడు గనుక మన చావు ఆయనకు అంటింది. ఎవరూ రాని ఇంటికి వచ్చి, పార అడిగి, తానే గుంతలోకి దిగాడు. నేను ఒంటరిగా వెళ్లవలసి వస్తుందని వణికిన చోట ఆయన ముందే పడుకుని లేచాడు.

తాతయ్య పక్కన పేరు చెరిగిపోయిన సమాధి ఒకటి ఉంది. ఆ నలుగురిలో ఒకాయనదట. తన ఊరు వదిలి ఇక్కడే పెట్టమని అడిగాడట. దానికీ సున్నం వేశాను.

ఆదివారం నాలుగు గంటలకే జనం వచ్చారు. చీకట్లో సమాధుల మీద కొవ్వొత్తులు ఒక్కొక్కటే వెలిగాయి. ఎవరూ లేని సమాధుల దగ్గరికి పిల్లలు పరుగెత్తి తమ కొవ్వొత్తులు పెట్టి వచ్చారు. తెల్లవారుతుండగా పాస్టరుగారు "ప్రభువు లేచెను" అంటే, "నిజముగా లేచెను" అని అందరం అన్నాం. నా గొంతు కూడా వాళ్లతో కలిసింది.

భయమంతా పోయిందని చెప్పను. గురువారం ఇంకా రావలసే ఉంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అత్త భుజం మీద తల ఆనించాను. ఆమె చీరకు ఇంకా సున్నం వాసన. కొండమల్లేపల్లిలో ఆమె తట్టి లేపేదాకా నాకు మెలకువ రాలేదు.