సైలెన్సర్‌కు కాలిన సంచి

కిందటి కార్తీకంలో నెల్లూరు నుండి ఒంగోలు, పొదిలి, మార్కాపురం మీదుగా మోటారు సైకిలుపై శ్రీశైలం వెళ్తుండగా, దోర్నాల దాటి నల్లమల ఘాట్ రోడ్డు ఎక్కే వేళ, కుడివైపు కట్టిన సంచి కిందికి జారి సైలెన్సర్‌కు తగిలి కాలింది. దుప్పటి, రెండు జతల బట్టలు పోయాయి. వాసన పట్టి వెంటనే బండి ఆపాను కనుక అంతటితో సరిపోయింది.

ఆ రోజు నుండి సామాను సర్దడాన్ని ప్రయాణంలో భాగంగానే చూస్తున్నాను. గట్టి పెట్టెలకు తాళం వేసుకోవచ్చు, వాన నీరు దిగదు; కానీ అవి బరువు, బండి వెడల్పునూ పెంచుతాయి. అందుకే నేను మెత్తటి సంచులనే ఉంచుకుని, అవి సైలెన్సర్ వైపు జారకుండా వెల్డింగు షాపులో ఇనుప చట్రం చేయించుకున్నాను. పనిముట్లు, పంక్చరు సామాను, నీళ్ల సీసాల వంటి బరువులను కింద, బండి నడుమకు వీలైనంత దగ్గరగా పెడుతున్నాను. బరువంతా వెనక క్యారియరు మీదకు చేరితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. మన కోస్తాలో కార్తీకమంటే ఈశాన్య రుతుపవనాల వానలే కనుక, పై తొడుగును మాత్రమే నమ్మకుండా బట్టలను, మందులను, బండి కాగితాలను విడివిడిగా మందపాటి పాలిథిన్ సంచుల్లో చుడుతున్నాను. రెయిన్‌కోటు మాత్రం అన్నిటికంటే పైన ఉండాలి.

ఈ కార్తీకంలో మళ్లీ శ్రీశైలం వెళ్తున్నాను. కోవూరు దాటగానే ఆగి, కుదురుకున్న సంచుల పట్టీలన్నీ ఒకసారి బిగించుకుంటాను.